నూలు కొలత

చూళైలో మా టికెట్ల కొట్టు.
పక్కన జెరాక్స్, పైన హోమియో డాక్టరు.
గోడ మీద ఇండియా పటం,
ఎవరో ఊరికే ఇస్తే మా ఓనరు తగిలించింది.
అండమాన్ల మీద బజ్జీ నూనె మరక.

పోలమ్మ సరిగ్గా ఆ మరక మీదే వేలు పెట్టింది.
"మాది ఇదే. జంగ్లీఘాట్.
మా సెల్లి దానమ్మ ఇటుంది" అంటూ
దేశం మొత్తం అడ్డంగా దాటించి
ఎడమ చివర గాలిలో ఆపింది వేలు.
పటంలో అగత్తి లేదు. నీలం ఉంది, అంతే.

కంటాసుపత్రికి వచ్చిందట. కుడికంటికి ఇంకా పట్టీ.
"ఇమానం తిన్నగా ఎల్తే ఎంతసేపు?"

తిన్నగా వెళ్లేది లేదమ్మా.

"లేదని నాకూ తెల్సు. ఎల్తే, అన్నాను."

ఆ తెలుగు ముందు నా తెలుగు
అరువు చొక్కా వేసుకున్నట్టు నిలబడింది.
పందొమ్మిదేళ్లుగా టికెట్లు అమ్ముతున్నాను,
లేని విమానానికి టైము అడిగినవాళ్లు లేరు.

పూలమ్మే కన్నియమ్మ దగ్గర మూరెడు దారం తెచ్చి
ఒక కొస మరకలో గుండుసూదితో గుచ్చాను.
రెండోది నీలంలో, అందాజుగా.
దారం కడలూరు దగ్గర ఒడ్డెక్కి
కోయంబత్తూరు పక్కనుంచి మళ్లీ నీళ్లలోకి దిగింది.
చెన్నైని తాకనే లేదు.
స్కేలు పెట్టి చూశాను.
రెండువేల రెండొందల కిలోమీటర్లు, పైన కాస్త.
మూడు గంటలమ్మా.

"మూడు గంటలేనా" అంది,
"ఓ వలకి కన్నాలు పూడ్సీసరికి అయిపోద్ది."

అప్పుడు, ఉన్న దారి చెప్పాను.
పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఇక్కడికి రెండుంబావు.
మీనంబాక్కంలో ఆరు గంటలు కుర్చీ.
కొచ్చిన్ ఒక గంటా పది, రాత్రి అక్కడే.
పొద్దున చిన్న విమానం, గంటన్నర,
పెట్టెని తూచి, మనిషిని కూడా తూచినట్టు చూస్తారు.
కలిపితే ఒక రోజు దాటుతుంది.
పైగా ఆ దీవికి పర్మిట్టు కావాలి, దానికి కాగితాలు,
కాగితాలకి ఇంకో కాగితం.

పోలమ్మ దారాన్నే చూస్తోంది, ఒంటికంటితో.

"రోజూ తెల్లారగట్ల ఫోన్లో మాటాడుకుంటాం.
నాకు ఎండ మొకం మీద పడిపోద్ది,
అది సీకట్లో కూకోనుంటది.
గడియారం సూత్తే ఇద్దరికీ ఒకటే.
అక్కా, నీ పొద్దు నాకింకా రాలేదే, అంటది.
గంటా ఇరవై నిమిసాలకి ఎల్తాది దానింటికి.
పొద్దుకి పర్మిట్టు ఎవుడిచ్చాడు బాబూ?"

నా కీబోర్డులో దానికి మీట లేదు.

జాకెట్లోంచి పర్సు తీసింది, మూసింది, మళ్లీ తీసింది.
"దాన్నే ఇటు రమ్మంటాను. ఇక్కడికి రాడానికి ఏటీ అక్కర్లేదు గదా?"
అక్కర్లేదు.
"అయితే దానికొకటి కొట్టు. నాకూ కొట్టు, వచ్చే నెలకి.
నీ దారం తాకాపోయినా
మేం తాకుతాం మీ ఊరిని."

వచ్చారు. పదకొండేళ్ల తర్వాత.
ఏడుస్తారేమోనని నీళ్ల సీసా దగ్గర పెట్టుకున్నాను.
"నువ్వేటే, పొట్టిగయ్యావు?" అంది పెద్దది.
చిన్నదాని జవాబులో సగం మలయాళం.
లాడ్జి దండగని సంచులు మా బెంచీ కిందికి తోసి
ఒకరు ఎండు నెత్తళ్లు విప్పారు,
ఒకరు రాయిలాంటి చూర ముక్క.
దేంట్లో ఉప్పెక్కువ అని మధ్యాహ్నం దాకా తగువు.
దుబాయి టికెట్టుకి వచ్చినాయన
ముక్కు మూసుకుని జెరాక్స్ వైపు వెళ్లిపోయాడు.

సాయంత్రం లేచి వెళ్లబోతూ
దానమ్మ పటం దగ్గర ఆగింది.
గుండుసూది పీకి, నాలుక్కి దారం కొస తడిపి,
"ఇక్కడ కాదు, ఇదిగో, ఇంకా కిందకి"
అని నీలంలో మళ్లీ గుచ్చింది.

పోలమ్మ నా వైపు తిరిగింది. పట్టీ లేదు, రెండు కళ్లూ.
"మూడు గంటల్లో ఎంత తేడా వచ్చింది?"
రెండు నిమిషాలు ఉండొచ్చమ్మా.
"ఎక్కువా, తక్కువా?"

స్కేలు ఎక్కడ పెట్టానో వెతుకుతున్నాను.